కొలిమి ఆర్పుతున్నదెవరు

మా బండికి ఒంట్లో బాగాలేకపోతే మా ఇంట్లో ఎవరికీ బాగుండదు. హోటళ్ళ దుప్పట్లు, దిండు గలేబులు, తువ్వాళ్ళు ఉతికి ఇచ్చే వ్యాపారం మాది. మెషీన్లు తమ్ముడివి. ఇస్త్రీలూ మడతలూ అమ్మవి. ఫోన్లు, బేరాలు, హోటళ్ళ వాళ్ళతో తగువులు నావి. తగువులు నాకే ఎందుకు అప్పజెప్పారంటే, కోపం నా ముక్కు మీదే ఉంటుంది, ఎక్కడా వెతుక్కోనక్కర్లేదు కాబట్టి. ఇక బండి నాన్నది. వెనక మూటలు వేసుకునే తొట్టి, ముందు రెండు వరుసల సీట్లు ఉన్న తెల్లటి డీజిల్ పికప్. నాన్న తప్ప దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు. ముట్టుకోనివ్వడు కూడా.

అలాంటి బండి డాష్‌బోర్డు మీద ఆ పసుపుపచ్చ దీపం మళ్ళీ వెలిగింది. ఇదే రోగంతో మెకానిక్ బాబాయ్ దగ్గరికి వెళ్ళడం ఇది మూడోసారి. "ఈసారి నేనూ వస్తా. ఆయన బాగు చేస్తున్నాడో బండితో ఆడుకుంటున్నాడో చూస్తా" అని నేను కూడా ఎక్కి కూర్చున్నాను. మెకానిక్ బాబాయ్ మాకు చుట్టమేమీ కాదు. వయసులో ఉన్నప్పుడు నాన్నా ఆయనా ఒకే లారీ మీద పని చేశారు, ఆ వరసే మిగిలిపోయింది.

ఆయన బానెట్ ఎత్తి, నూనె కొలిచే పుల్ల బయటికి లాగి, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, తర్వాత నా ముక్కు దగ్గర పెట్టాడు.

"వాసన చూడమ్మా."

"నేనెందుకు చూడాలి బాబాయ్? డబ్బులు తీసుకునేది నువ్వా నేనా?"

"అబ్బ, చూడు ముందు."

చూశాను. డీజిల్ వాసన గుప్పుమంది.

"ఇంజిన్ నూనెలో డీజిల్ కలిసిపోతోంది" అన్నాడు బాబాయ్, పుల్ల తుడుస్తూ. "పొగ గొట్టంలో జల్లెడ లాంటి డబ్బా ఒకటుంటుంది. మసి గాల్లోకి పోకుండా పట్టుకుంటుంది. పట్టుకున్నదాన్ని ఎప్పుడో ఒకప్పుడు వదిలించుకోవాలి కదా? అందుకని ఇంజిను కాస్త డీజిల్ ఎక్కువ పోసుకుని, ఆ డబ్బాని నిప్పులా వేడెక్కించి, మసినంతా కాల్చేస్తుంది. పెద్ద రోడ్డు మీద ఆగకుండా పోయే బండికైతే దారిలోనే ఆ పని అయిపోతుంది. మీది గడప గడపకీ ఆగే బండి. వేడెక్కేలోపే మీ నాన్న దిగి మూట మోస్తుంటాడు. అందుకే డాష్‌బోర్డు మీద బటన్ ఒకటి మీ నాన్నకి చూపించా. దీపం వెలగగానే ఆరుబయట పెట్టుకుని, బటన్ నొక్కి వదిలేస్తే, అరగంటో ఇంకాస్తో, దాని పని అది చేసుకుంటుంది."

ఆ పనికి ఇంగ్లీషులో ఏదో బారెడు పేరుంది. నాన్న దాన్ని పలకలేక 'కొలిమి' అని పెట్టుకున్నాడు. కొలిమి పెట్టాను, కొలిమి నడుస్తోంది, కొలిమి అయిపోయింది. తమ్ముడూ నేనూ కూడా అదే అంటాం.

"నాన్న కొలిమి పెడుతూనే ఉన్నాడుగా మరి?" అన్నాను.

"పెడుతున్నాడు. మధ్యలో ఆపేస్తున్నాడు." బాబాయ్ తన ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. దాని మీద నూనె వేలిముద్రలు తప్ప నాకేమీ అర్థం కాలేదు. "ఇదిగో, మొదలైంది, ఆగింది. మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. కాలకుండా మిగిలిన డీజిలంతా నూనెలోకి దిగుతోంది. ఇలాగే చేస్తే ముందు జల్లెడ పూడుకుపోతుంది, తర్వాత ఇంజిన్ పోతుంది."

నేను నాన్న మీదికి తిరిగాను. "మధ్యలో ఎందుకు ఆపుతున్నావు నాన్నా?"

"నేనెందుకు ఆపుతాను?" అన్నాడు నాన్న వెంటనే. తర్వాత బానెట్ కేసి చూస్తూ నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి అవసరం లేకుండానే చేతులు తుడుచుకున్నాడు. "ఏమో. ఆపానేమో" అన్నాడు.

నాకు బుద్ధి తెలిశాక, బండి విషయంలో నాన్న నోట "ఏమో" అనే మాట నేను వినలేదు. ఏ టైరు ఏ రోడ్డు మీద పంక్చరైందో, ఏ హోటల్ గేటు దగ్గర ఎంత వెనక్కి వస్తే గోడ తగులుతుందో మంచి నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. అలాంటి మనిషి తాళం తిప్పాడో లేదో తనకే తెలియదంటున్నాడు.

బాబాయ్ తన దగ్గరే కొలిమి పెట్టించి, నూనె మార్చి పంపించాడు. దారి పొడుగునా నేను నోరు విప్పలేదు. నేను నోరు విప్పకపోతే నాన్న మామూలుగా "ఏమ్మా, జ్వరమా?" అని ఏడిపిస్తాడు. ఆ రోజు అదీ లేదు.

ఇంటికి రాగానే తమ్ముడు నన్ను మెషీన్ల గదిలోకి లాక్కెళ్ళాడు. అక్కడైతే ఆ గోలలో ఏం మాట్లాడినా బయటికి వినపడదు.

"అక్కా, ఇక నాన్న దగ్గర తాళం తీసేసుకుందాం. డ్రైవర్ని పెట్టుకుందాం."

"ఏం, ఎందుకు? దీపం వెలిగినందుకా?"

"నీకు కనిపించట్లేదా? మొన్న కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికాడు."

"కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని వెతికేవాళ్ళందరి తాళాలూ లాక్కుంటే రోడ్డు మీద ఒక్క బండి తిరగదురా. నువ్వు చేతిలో ఫోన్ పెట్టుకుని ఫోన్ కోసం వెతకవూ? నీ మెషీన్లు లాక్కోనా?"

"పెద్దనాన్నకి కూడా ఇలాగే మొదలైంది కదా" అన్నాడు వాడు, నా మొహం చూడకుండా.

నేను వాణ్ణి నాలుగు తిట్టి బయటికొచ్చాను. తిట్టానే గానీ వాడన్న మాట లోపల గుచ్చుకుంది. పెద్దనాన్న నాన్నకి సొంత అన్నయ్య. పంపు కట్టేయడం మర్చిపోవడంతో మొదలై, తర్వాత ఇల్లు మర్చిపోయాడు. నాన్న కూడా అలా అయిపోతే? తాళం పోతే బండి పోతుంది. బండి లేని నాన్న ఎలా ఉంటాడో నేను ఊహించుకోలేను. కానీ తాళం ఉంచి, రేపు రోడ్డు మధ్యలో ఎటు పోవాలో తెలియక నిలబడిపోతే? ఊహూఁ. ఇదేదో తేల్చుకోవాల్సిందే అనుకున్నాను.

బండికి పెట్టే బొటనవేలంత పరికరం ఒకటి కొన్నాను. స్టీరింగు కింద ఒక సాకెట్ ఉంటుంది, దానికి గుచ్చితే, బండి మన దగ్గర్లో ఉన్నంతసేపూ దాని లోపల సంగతులన్నీ ఫోన్‌లో కనిపిస్తాయి. జల్లెడలో మసి ఎంత నిండింది, పొగ గొట్టం ఎంత వేడెక్కింది, అన్నీ. నాన్న టీ తాగుతుంటే దొంగలా వెళ్ళి గుచ్చి వచ్చాను. కన్నతండ్రి మీద గూఢచారి పని చేస్తున్నందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది. కానీ ఆపలేదు.

నా ఆఫీసు గది వీధి వైపు ఉంటుంది. బండి పెట్టేది పెరట్లో. మధ్యలో ఇల్లు, ఆ వెనక దండేల నిండా దుప్పట్లు. గదిలోంచి చూస్తే బండి కనపడదు గానీ ఫోన్‌కి మాత్రం అందుతుంది. రెండు మూడు రోజులు ఏమీ జరగలేదు. మసి కొంచెం కొంచెంగా పెరుగుతూ పోయింది. హోటల్ మేనేజర్ ఫోన్ చేసి గలేబులు తక్కువొచ్చాయని అరుస్తుంటే నేను మసి వైపే చూస్తూ "ఎనభై దాటింది" అన్నాను. "ఎనభయ్యా? నేను పంపిందే యాభై కదండీ!" అన్నాడాయన. తర్వాత ఆయన్ని సముదాయించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ మధ్యాహ్నమే నాన్న కొలిమి పెట్టాడు. ఫోన్‌లో వేడి రెండొందలు, మూడొందలు, ఐదొందలు దాటుకుంటూ పోయింది. మసి అంకె ఒక్కొక్కటే దిగుతోంది. డెబ్భై ఆరు, డెబ్భై ఐదు. నాకు ప్రాణం లేచొచ్చింది. చూశావా, నాన్న భేషుగ్గా ఉన్నాడు, అనవసరంగా భయపడ్డాం అనుకుంటున్నాను. అంతలో తెర మీద అంకెలన్నీ ఆగిపోయాయి. ఇంజిన్ ఆగింది.

ఫోన్ పట్టుకుని ఒక్క పరుగున దుప్పట్లు తోసుకుంటూ పెరట్లోకి వెళ్ళాను. కంకర మీద బండి నిలబడి ఉంది. చప్పుడు లేదు. లోపల ఎవరూ లేరు. స్నానాల గదిలోంచి నీళ్ళ చప్పుడు వస్తోంది. వసారాలో అమ్మ దుప్పటి మడత పెడుతోంది.

"నాన్నేడి?"

"స్నానానికి వెళ్ళారు."

"బండి ఎవరాపారు?"

"నాకేం తెలుసే? ఆయనే ఆపుంటారు" అంది అమ్మ, దుప్పటి అంచులు కలుపుతూ.

నాన్న తల తుడుచుకుంటూ రాగానే అడిగాను. "కొలిమి పూర్తయిందా నాన్నా?"

నాన్న బండి వైపు చూశాడు. నా వైపు చూశాడు. "ఆ, అయింది" అన్నాడు.

నాన్న అబద్ధం చెప్పాడు. మా ముందు ఎన్నడూ చెప్పని మనిషి. ఆపింది గుర్తులేక చెప్పాడా, గుర్తుండే చెప్పాడా? ఎటు చూసినా నాకు ఏడుపే వచ్చింది. లోపలికి వెళ్ళి, తప్పు లేకపోయినా తమ్ముడి మీద అరిచాను.

ఆ తర్వాత కూడా అదే జరిగింది. అంకెలు దిగడం, మధ్యలో టక్కున ఆగిపోవడం. ఫోన్ చూసుకుంటూ గదిలో కూర్చుంటే లాభం లేదని తేలిపోయింది. నా కళ్ళతో చూడాలి. నాన్న నిజంగా తిరిగొచ్చి, తాళం తిప్పి, అది మర్చిపోతున్నాడా? అదే నిజమైతే తాళం నేనే తీసుకుంటాను. తమ్ముడికి ఆ పని ఇవ్వను. నాన్న చేతిలోంచి తీసుకోవాల్సి వస్తే ఆ పాపం నాదే కావాలి.

మర్నాడు మధ్యాహ్నం, నాన్న ఖాళీ బండితో వచ్చి మంచినీళ్ళకి లోపలికి వెళ్ళగానే, వెనక సీట్లో కాళ్ళు పెట్టుకునే చోట నక్కాను. పైన రెండు మాసిన దుప్పట్లు కప్పుకున్నాను. నా వయసుకి, నా ఒంటికి అది చేయాల్సిన పని కాదు. మోకాలు చెవికి తగులుతోంది. ఎవరో తడి చెప్పులతో తొక్కిన దుప్పటి ముక్కు మీద పడింది. అద్దాలు దించి ఉండబట్టి బతికాను.

నాన్న వచ్చి ఎక్కాడు. బండిని దండేలకి దూరంగా కంకర మీదికి తీసుకెళ్ళి, పొగ గొట్టం గోడకేసి ఉండేలా తిప్పి నిలిపాడు. హ్యాండ్ బ్రేక్ లాగాడు. బటన్ నొక్కాడు. ఇంజిన్ గొంతు పెంచింది. నేను దుప్పటి సందులోంచి చూస్తున్నాను.

అప్పుడు నాన్న పైకే మాట్లాడటం మొదలెట్టాడు. ఒక్కో మాటా విడివిడిగా, పాఠం అప్పజెబుతున్నట్టు.

"కొలిమి పెట్టాను. ఇంజిన్ నడుస్తోంది. తాళం నేను ముట్టుకోలేదు. ఇప్పుడు దిగుతున్నాను."

పొడుగు సామాను వేసినప్పుడు తొట్టి వెనక కట్టే ఎర్రగుడ్డ ఒకటుంది. దాన్ని జేబులోంచి తీసి స్టీరింగుకి చుట్టి ముడేశాడు. ముడిని రెండుసార్లు లాగి చూశాడు. "గుడ్డ కట్టాను. గుడ్డ విప్పితేనే తాళం తిప్పాలి. గుర్తుంచుకో" అని తనకి తనే చెప్పుకున్నాడు. దిగి, తలుపు వేసి, రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి కిటికీలోంచి ఆ గుడ్డని ఇంకోసారి చూసుకుని వెళ్ళాడు.

నేను దుప్పటి నోట్లో కుక్కుకున్నాను. అంటే ఆయనకి తెలుసు. మాకంటే ముందే తనని తాను అనుమానించుకుంటున్నాడు. ఎవరితోనూ చెప్పకుండా, ఒక్కడే, గుడ్డ ముడేసుకుని తన బుర్రని తనే పరీక్ష పెట్టుకుంటున్నాడు. ఆ క్షణంలో ఆ బండిని, మసిని, దాన్ని కనిపెట్టినవాణ్ణి అందరినీ కలిపి తిట్టుకున్నాను.

ఫోన్‌లో మసి ఎనభై రెండు నుంచి దిగుతోంది. ఎనభై. డెబ్భై ఎనిమిది. లోపల చెమటకి తడిసి ముద్దయిపోయాను. రాకు నాన్నా, రాకు, నీకు దణ్ణం పెడతా, ఇవాళ ఒక్కరోజు రాకు అనుకుంటూ అంకె వైపే చూస్తున్నాను. డెబ్భై ఒకటి దగ్గర ఉండగా కంకర మీద అడుగుల చప్పుడు వినిపించింది.

ముందు తలుపు మెల్లగా తెరుచుకుంది. ఎంత మెల్లగా అంటే, పసిపిల్లలు పడుకున్న గది తలుపు తీసినట్టు. ఒక చెయ్యి లోపలికి వచ్చింది. దానికి గాజులున్నాయి.

అమ్మ!

అటూ ఇటూ చూసి, సీటు మీదికి ఒంగి, తాళం తిప్పింది. ఇంజిన్ ఆగిపోయింది. తర్వాత స్టీరింగుకి ఉన్న ఎర్రగుడ్డ చూసి, "ఇదేంటి ఇక్కడ" అని గొణుక్కుంటూ ముడి విప్పింది. విప్పి, అంచులు కలిపి, అరచేత్తో సాపు చేసి, నాలుగు మడతలు పెట్టి డాష్‌బోర్డు మీద బుద్ధిగా ఉంచింది. మా అమ్మ చేతికి దొరికిన గుడ్డ మడత పడకుండా తప్పించుకోలేదు.

"అమ్మా!" అని లేచాను దుప్పట్లతో సహా.

అమ్మ కెవ్వున అరిచి, వెనక్కి తూలి, తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది. "ఓసి నీ... గుండాగి చచ్చేదాన్నే! అక్కడేం చేస్తున్నావే?"

"నేనేం చేస్తున్నానా? నువ్వేం చేస్తున్నావు? ఇన్నాళ్ళూ నువ్వేనా ఆపుతున్నది?"

"అరవకే, మీ నాన్న వింటారు!" అమ్మ గబగబా లోపలికెక్కి తలుపు దగ్గరికి వేసింది. గొంతు తగ్గించింది. "నీకు దణ్ణం పెడతా, తమ్ముడితో చెప్పకు. మీ నాన్నకి మతిమరుపు మొదలైంది. ఈమధ్య బండి ఆపకుండానే దిగి వెళ్ళిపోతున్నారు. ఇంజిన్ అలా అరుస్తూనే ఉంటుంది, కాలిన వాసన కూడా వస్తుంది. ఆయనేమో శుభ్రంగా స్నానం చేస్తుంటారు. మొదటిసారి చూసినప్పుడు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మీ తమ్ముడికి తెలిస్తే తాళం లాక్కుంటాడు. బండి లేకపోతే ఆయన మనిషి కాదు. అందుకే ఎవరికీ తెలియకుండా నేనే వచ్చి ఆపేస్తున్నా. నాలుగు రోజులు నేను కాపాడుకొస్తే అదే సర్దుకుంటుందని..."

చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఏది ముందు రావాలో తేల్చుకోలేక రెండూ కలిసొచ్చాయి. అమ్మ నన్ను చూసి ఇంకా హడలిపోయింది.

"అమ్మా, నాన్న మర్చిపోవట్లేదు. కావాలనే వదిలేస్తున్నాడు. అది కొలిమి!"

"కొలిమేంటే?"

కొలిమేంటో చెప్పాను. మసి, జల్లెడ, బటన్, అరగంట, అన్నీ. అమ్మ నోరు తెరుచుకుని వింది. బాబాయ్‌కి తెలుసు, నాన్నకి తెలుసు, నాకు తెలుసు, తమ్ముడికి తెలుసు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ బండికి ఇరవై అడుగుల దూరంలో కూర్చుని ఇస్త్రీ చేసే మనిషికి మాత్రం మాలో ఒక్కరు కూడా చెప్పలేదు.

"అంటే ఇస్త్రీపెట్టె సగం వేడెక్కేసరికి నేను వైరు పీకేస్తున్నానన్నమాట" అంది అమ్మ చివరికి. వెంటనే కోపం వచ్చింది. "మరి నాకెవరు చెప్పారు? అందరూ కొలిమి కొలిమి అంటుంటే ఇదేదో మీ గోల అనుకున్నా. ఒక్కరైనా 'ఇదిగో, ఇది ఇలా అరుస్తుంది, ఆపకు' అన్నారా? ఈ ఇంట్లో నేను దుప్పటి కిందే లెక్క!"

తప్పేనని రెండు చెవులూ పట్టుకున్నాను. నా చరిత్రలో అలాంటివి తక్కువ.

అప్పుడే నాన్న వచ్చాడు. తల తడిగా ఉంది, తువ్వాలు భుజం మీదుంది. బండి చప్పుడు లేకపోవడం దూరం నుంచే విన్నట్టున్నాడు, నడక నెమ్మదించింది. మమ్మల్నిద్దరినీ లోపల చూసి ఆగిపోయాడు. తర్వాత ఆయన కళ్ళు స్టీరింగు మీదికి వెళ్ళాయి. అక్కడ గుడ్డ లేదు. డాష్‌బోర్డు మీద మడతపెట్టి ఉంది.

"మళ్ళీ ఆపేశానా?" అన్నాడు చాలా చిన్నగా. "గుడ్డ కూడా విప్పేశానా?"

"నువ్వు కాదు నాన్నా!" అని అరిచాను. "నువ్వు కాదు, నువ్వు కాదు! ఎప్పుడూ నువ్వు కాదు! అంతా అమ్మే!"

నాన్న అమ్మ వైపు చూశాడు.

"నేనేనండీ" అంది అమ్మ. "మర్చిపోయారనుకుని ఆపేశా."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"గుడ్డో?"

"ఇవాళే చూశా. స్టీరింగుకి అలా చుట్టేసి ఉంటే బాగాలేదని మడతపెట్టా. అదీ తప్పేనా?"

నాన్న తలుపు కింద మెట్టు మీద కూలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడనుకున్నాను. నవ్వే. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాక కూడా. అమ్మ దిగి ఆయన పక్కన నిలబడింది, ఏం చేయాలో తెలియక తువ్వాలు చివర సరిచేసింది.

"మరి అనుమానం వచ్చినప్పుడు అక్కడే కూర్చోవచ్చుగా నాన్నా?" అన్నాను.

"కూర్చున్నా. కూర్చున్నప్పుడు బాగానే పూర్తయ్యేది. లేచి వెళ్ళినప్పుడే ఆగిపోయేది. దాంతో ఇంకా భయం పట్టుకుంది. నన్ను నేను కనిపెట్టుకుని ఉన్నంతసేపే సరిగ్గా ఉంటున్నానేమో అనుకున్నా. ఇవాళైనా ఆపకుండా ఉంటానేమో చూద్దామని మళ్ళీ మళ్ళీ లేచి వెళ్ళేవాణ్ణి."

"అమ్మనడిగితే పోయేది కదా!"

"అడిగితే తెలిసిపోదూ?"

"సరిపోయారు ఇద్దరూ!" అన్నాను. "ఈయన ఆవిడకి తెలియకూడదని, ఆవిడ ఈయనకి తెలియకూడదని! మధ్యలో నా మోకాళ్ళు విరిగాయి, ఇంజిన్ నూనె పాడైంది, తమ్ముణ్ణి ఊరికే తిట్టిపోశాను. ఎక్కండి ముందు. కొలిమి పెట్టండి. ఇవాళ ఇది పూర్తయ్యేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదు."

ఎక్కారు. నాన్న డ్రైవరు సీట్లో, అమ్మ పక్కన, నేను వెనక. నాన్న బటన్ నొక్కాడు. ఇంజిన్ మళ్ళీ గొంతెత్తింది. ఫోన్ అమ్మ చేతికిచ్చాను. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, అంకె మారినప్పుడల్లా పైకి చదివింది. అరవై ఎనిమిది. అరవై ఐదు. చెమటలు కారుతున్నా ముగ్గురం కదల్లేదు.

మధ్యలో తమ్ముడు మెషీన్ల గదిలోంచి వచ్చాడు. "ఏంటా గోల? కొలిమి పెట్టి ముగ్గురూ లోపల కూర్చోవడమేంటి, ఆపండి!" అంటూ కిటికీలోంచి చెయ్యి పెట్టబోయాడు.

"ఆపకు!" అని ముగ్గురం ఒక్కసారే అరిచాం. అందరికంటే గట్టిగా అమ్మ. వాడు బిత్తరపోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, మా మొహాలు చూసి, కిక్కురుమనకుండా లోపలికి పోయాడు. వాడికి తర్వాత చెప్పొచ్చు.

నలభై దగ్గర నాన్న మాట్లాడాడు. ముందు అద్దంలోంచి దండేల వైపు చూస్తూనే.

"అన్నయ్య వదినని 'ఎవరమ్మా మీరు' అని అడిగిన రోజు నేను అక్కడే ఉన్నానే. చాలా మర్యాదగా అడిగాడు. వదిన చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. రేపో మాపో నేను కూడా నిన్ను అలా అడుగుతానేమోనని... ఈమధ్య పొద్దున లేవగానే నీ మొహం చూసి, నువ్వెవరో నీ పేరేంటో మనసులో అనుకున్నాక గానీ మంచం దిగట్లేదు."

అమ్మ అంకె చదవడం ఆపేసింది.

"అడిగితే అడుగుతారు" అంది అమ్మ. "నేనేమన్నా మూగదాన్నా? చెప్తాను."

"రోజూ అడిగితే?"

"రోజూ చెప్తాను."

"విసుక్కోవూ?"

"ఎందుకు విసుక్కోనూ? విసుక్కుంటాను. విసుక్కుంటూనే చెప్తాను."

నాన్న తల ఊపాడు. స్టీరింగు మీదున్న చెయ్యి తీసి అమ్మ చేతి మీద, ఫోన్‌తో సహా, వేశాడు. అంకె కనపడటం లేదని అమ్మ ఆయన వేలొకటి పక్కకి జరిపింది.

తర్వాత చాలాసేపు ఇరవైలూ పదులూ చదువుతూనే ఉంది. ఉన్నట్టుండి ఇంజిన్ దానంతటదే గొంతు తగ్గించి మామూలుగా కొట్టుకోవడం మొదలెట్టింది. డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ దీపం ఆరిపోయింది. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు.

"అయిపోయిందా?" అంది అమ్మ.

"అయిపోయింది" అన్నాడు నాన్న. అబద్ధం కాదు.